గచ్చు మీది పాత వినైల్: తీయడం, తీయకపోవడం

మనోహరాబాద్ ఒకప్పుడు తూప్రాన్ మండలంలో ఒక ఊరు. 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు మెదక్ జిల్లాలో మండల కేంద్రమైంది. ఇటు 44వ నంబరు జాతీయ రహదారి, అటు సికింద్రాబాద్–నిజామాబాద్ రైలు మార్గం, ఇక్కడి నుంచే గజ్వేల్, సిద్దిపేట మీదుగా కొత్తపల్లి వైపు వేస్తున్న కొత్త లైను. కాళ్లకల్, ముప్పిరెడ్డిపల్లి దారిలో వరసగా షెడ్లు. 2023 జనవరిలో ఐటీసీ తన ఆహారోత్పత్తుల కర్మాగారాన్ని ప్రారంభించింది కూడా ఇక్కడే.

ఇలాంటి పారిశ్రామిక వలయంలో వినైల్ రెండు దారుల్లో నేల మీదికి వస్తుంది. ఆఫీసు గదులు, ప్రయోగశాలలు, దుమ్ము చేరకూడని ఉత్పత్తి గదుల్లో జిగురు పూసి అతికించే షీట్లు, పలకలు ఒక దారి. అద్దె గదుల్లో, పాత ఇళ్లలో గరుకు గచ్చు కనబడకుండా మీటర్ల లెక్కన కొని పరిచే పల్చటి షీటు రెండోది. రెండూ కొన్నేళ్లకు అంచులు లేస్తాయి, అతుకుల్లోంచి కడుగునీళ్లు కిందికి దిగుతాయి, ముక్క వాసన వస్తుంది. అప్పుడు ఇంటాయన మేస్త్రిని పిలుస్తాడు, ఫ్యాక్టరీవాళ్లు కాంట్రాక్టరుని పిలుస్తారు. ఇద్దరికీ వచ్చే జవాబు ఒకటే: గోకేద్దాం, రాకపోతే గ్రైండర్ పెడదాం. ఆ జవాబు ఎక్కడ సరైనది, ఎక్కడ ప్రమాదం అన్నదే ఈ వ్యాసం పరిశీలించే విషయం.

ఈ పని గురించి మాట్లాడేవాళ్లు తలో వైపు నుంచి మాట్లాడతారు. ఫ్లోరింగ్ తయారీదారులు ఇసుక కాగితం వద్దు, గ్రైండర్ వద్దు, తడిపి తీయండి అంటారు. రసాయనాలు అమ్మేవాళ్లు ద్రావకం పోసి నానబెట్టండి అంటారు. యంత్రాలు అద్దెకిచ్చేవాళ్లు ఒక్కపూటలో నేల తెల్లగా చేసిస్తామంటారు. ఊపిరితిత్తుల వైద్యులు దుమ్మే లేపొద్దంటారు. నేల కట్టడం తెలిసిన ఇంజనీర్లు తీయడం తర్వాత సంగతి, ముందు కింద చెమ్మ చూడండి అంటారు. ఎవరి మాటా అబద్ధం కాదు. కానీ అన్ని నేలలకూ వర్తించే మాట ఇందులో ఏదీ లేదు. నేను చదివినదీ చూసినదీ కలిపి తేల్చుకున్నది ఇది: పద్ధతిని నిర్ణయించేది పైన కనిపించే షీటు కాదు, దాని కింద ఉన్న జిగురు, అది వేసిన కాలం.

కాలం సంగతి ముందు. వినైల్ అంటే పీవీసీ ప్లాస్టిక్కే. దాన్ని మెత్తగా, వంగేలా చేసే పద్ధతిని అమెరికాలో గుడ్రిచ్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త వాల్డో సెమన్ 1926లో కనుగొన్నాడు. 1933 షికాగో ప్రపంచ ప్రదర్శనలో వినైల్ పలకలు జనం ముందుకొచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అవి ఇళ్లను ముంచెత్తాయి. పలక గట్టిగా ఉండాలి, నిప్పుకు తట్టుకోవాలి, చవగ్గా ఉండాలి. ఈ మూడింటి కోసం 1980ల దాకా అందులో ఆస్బెస్టాస్ నార కలిపారు. అంతకు ముందు వచ్చిన తారు పలకల్లోనూ అదే. కింద పూసిన నల్లటి తారు జిగురులోనూ చాలాసార్లు అదే. కొన్ని రకాల షీట్లకు వెనకవైపు అతికించిన బూడిదరంగు అట్ట లాంటి పొరలో ఆ నార మరీ ఎక్కువ.

ఈ తేడా తెలుసుకోవడం ముఖ్యం. పలకలో నార ప్లాస్టిక్‌తో బిగుసుకుని ఉంటుంది. పలకను పగలగొట్టకుండా, అరగదీయకుండా ఉన్నంతకాలం గాలిలోకి పెద్దగా రాదు. షీటు వెనక అట్ట పొర అలా కాదు, చేత్తో పట్టుకుని చింపితేనే పొడి రాలుతుంది. అందుకే అమెరికా కార్మిక భద్రతా నిబంధనల్లో 1980కి లేదా అంతకు ముందు వేసిన ఇలాంటి నేలను, కాదని పరీక్షలో తేలేదాకా, ఆస్బెస్టాస్ ఉన్నట్టే భావించమని రాశారు. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఇది ఇంటి సమస్యే. న్యూజెర్సీలో, టెక్సాస్‌లో 1950లు, 60ల నాటి ఇల్లు కొని, కింది అంతస్తు కార్పెట్ ఎత్తి చూస్తే తొమ్మిది అంగుళాల చదరపు పలకలు, వాటి కింద నల్లటి జిగురు బయటపడొచ్చు. ఆ కొలత, ఆ రంగు రెండూ కలిసి కనిపిస్తే చేతిలో పార ఉన్నవాడు అక్కడితో ఆగి నమూనాను ల్యాబుకు పంపాలి.

మన దగ్గర ఈ ప్రశ్న అడిగేవాళ్లే తక్కువ. అది అమెరికా గొడవ, మనకు లేదు అనే ధోరణి కనిపిస్తుంది. నేను ఒప్పుకోను. భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 3461 పేరుతో పీవీసీ ఆస్బెస్టాస్ నేల పలకలకే విడిగా ఒక ప్రమాణం రాసింది. ఆస్బెస్టాస్ లేని మెత్తటి పీవీసీ ఫ్లోరింగ్‌కు ఐఎస్ 3462 వేరే ఉంది. ఈ దేశంలో ఆ పలకకు చోటు లేకపోతే దాని నాణ్యత గురించి కాగితం రాసే అవసరం ఏముంది? పైగా క్రిసొటైల్ రకం ఆస్బెస్టాస్ వాడకం మన దేశంలో ఈనాటికీ నిషిద్ధం కాదు. గనుల తవ్వకం ఆగింది గానీ దిగుమతి ఆగలేదు. తెలంగాణ పల్లెల్లో పశువుల కొట్టం మీద కనిపించే సిమెంటు రేకుల్లో ఉన్నది ఆ నారే. కాబట్టి 1960ల నుంచి 80ల మధ్య కట్టిన ఆఫీసు, ఆసుపత్రి, క్వార్టరు ఏదైనా సరే, అందులోని గట్టి వినైల్ పలకను అనుమానంతోనే చూడాలి. దానికి భిన్నంగా, మనోహరాబాద్ చుట్టుపక్కల గత ఇరవై ఏళ్లలో లేచిన కట్టడాల్లో, అద్దె గదుల్లో పరిచిన మెత్తటి షీట్లలో ఈ భయం చాలా తక్కువ. అక్కడ దుమ్ము ప్రమాదం ఉంది, అది ఇంకో రకం. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఆస్బెస్టాస్ నార పీల్చిన మనిషికి జబ్బు కనబడటానికి పదేళ్ల నుంచి నలభై ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో ఇచ్చిన తీర్పులో, ఒక్కో కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరినప్పటి నుంచి కనీసం నలభై ఏళ్లు గానీ, పని మానేశాక పదిహేనేళ్లు గానీ, ఏది తర్వాతైతే అంతవరకు భద్రపరచాలంది ఇందుకే. ఒక గదిలో రెండు రోజులు పలకలు గోకి వెళ్లిపోయిన కూలీకి ఏ రికార్డు ఉంటుంది? అతను ఒడిశాకో బిహార్‌కో తిరిగి వెళ్లిన పాతికేళ్లకు ఆయాసం వస్తే ఈ గది ఎవరికి గుర్తుంటుంది? ఈ పనిలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే విషయం ఇది.

అందుకే అనుమానం ఉన్న నేలకు మొదటి మందు తీయకపోవడమే. పలకలు గట్టిగా అతుక్కుని, చదునుగా ఉంటే వాటి మీదే కొత్త పొర వేయడం చట్టపరంగానూ ఆరోగ్యపరంగానూ ప్రపంచమంతా ఒప్పుకున్న దారి. పైన పాలిమర్ కలిసిన జిగురుతో విట్రిఫైడ్ టైల్స్ వేయొచ్చు, లేదా తనంతట తాను చదునయ్యే సిమెంటు పొర పోసి కొత్త షీటు అతికించొచ్చు. నేల అర అంగుళం, ముప్పావు అంగుళం లేస్తుంది. తలుపుల అడుగు కోయాలి, బాత్రూం గడప కొలత మారుతుంది. ఆ మాత్రం ఇబ్బంది భరించదగ్గదే. ఒక్కటి మాత్రం మరవొద్దు: కింద ఏముందో కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పెట్టాలి. లేకపోతే పాతికేళ్ల తర్వాత ఇంకో మేస్త్రి తెలియక డ్రిల్లు పెడతాడు. తీయక తప్పని చోట నేలను తడిపి, పలకను పగలకుండా మొత్తంగా లేపి, దళసరి ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, ప్రమాదకర వ్యర్థంగానే పంపాలి. హైదరాబాద్ శివారు దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాల శుద్ధి, పూడ్చివేత కేంద్రం ఉంది. మనోహరాబాద్‌కు అది దూరం కాదు.

ఇక ఆస్బెస్టాస్ అనుమానం లేని నేల. పని ఇక్కడే ఎక్కువ, మాట్లాడుకోవలసిందీ ఇక్కడే ఎక్కువ.

ఊరికే పరిచిన షీటైతే చెప్పేదేమీ లేదు. కట్టర్‌తో అడుగు వెడల్పు పట్టీలుగా కోసి, చుట్ట చుట్టి బయట పెట్టడమే. అంచుల్లో డబుల్ టేపు మరకలు మిగిలితే కిరోసిన్ తడిపిన గుడ్డ చాలు. అతికించిన షీటుకు కూడా మొదటి పని పట్టీలుగా కోయడమే. గది మొత్తాన్ని ఒకేసారి లాగాలని చూస్తే పై పొర ఊడి వెనక పొర నేలకే మిగిలిపోతుంది. సన్నటి పట్టీ అయితే రెండూ కలిసి వచ్చే అవకాశం ఎక్కువ. మిగిలిన వెనక పొరను వేడినీళ్లలో కాస్త గిన్నెలు తోమే సబ్బు కలిపి తడిపి, అరగంట ఆగి, గోకడానికి వాడే వెడల్పాటి పట్టీతో నేలకు దాదాపు సమాంతరంగా తోస్తే వచ్చేస్తుంది. పట్టీని నిటారుగా పట్టుకుని కొడితే గచ్చుకు గాట్లు పడతాయి.

గచ్చు అన్నాను గనక మన గచ్చు గురించి చెప్పాలి. విదేశీ మార్గదర్శకాలన్నీ యంత్రంతో చదును చేసిన దళసరి కాంక్రీటు నేలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన ఇళ్లలో కింద కంకర బెడ్డు, దాని మీద సిమెంటు ఇసుక మాలు, ఆ పైన ఒకటి రెండు మిల్లీమీటర్ల నీటు సిమెంటు. రబ్బరు జిగురు ఈ నీటును పట్టుకునే పట్టు, నీటు తన కింది మాలును పట్టుకునే పట్టు కన్నా చాలాసార్లు బలంగా ఉంటుంది. అందువల్ల షీటు లాగితే నీటు పొర పెచ్చులుగా దానితోనే లేస్తుంది. చాలామంది దీన్ని మేస్త్రి తప్పు అనుకుంటారు. చాలావరకు అది నేల స్వభావం. ముందే తెలిస్తే పైన పల్చటి రిపేరు పొరకు డబ్బు పక్కన పెట్టుకోవచ్చు, గొడవ ఉండదు.

కొన్ని ఇళ్లలో షీటు కింద గచ్చు కాదు, తాండూరు, షాబాద్ బండలు ఉంటాయి. బండ నునుపు కాబట్టి జిగురు తేలిగ్గానే వదులుతుంది. ఇక్కడ చేసే పెద్ద పొరపాటు యాసిడ్ పోయడం. నేల మీద ఏ మరకైనా యాసిడ్‌తో పోతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. వినైల్ జిగురు రబ్బరు, రెసిన్, తారు లాంటి పదార్థం. యాసిడ్ దాన్ని ముట్టదు. తాండూరు బండ సున్నపురాయి, గచ్చులో ఉన్నది సిమెంటు. యాసిడ్ తినేది ఈ రెండింటినే. జిగురు అలాగే ఉండి, చుట్టూ రాయి కరుకెక్కి మచ్చలు పడుతుంది. దాని మీద బ్లీచింగ్ పౌడర్ కూడా చల్లితే క్లోరిన్ వాయువు లేచి గదిలోని మనిషి ఊపిరాడక పడిపోతాడు.

జిగురు ఏ రకమో తెలుసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు, ఒక మూల రెండు చిన్న పరీక్షలు చాలు. వేడినీళ్లలో ముంచిన గుడ్డను జిగురు మీద అరగంట ఉంచండి. జిగురు తెల్లగా పాలలా మారి మెత్తబడితే అది నీటి ఆధారిత యాక్రిలిక్ రకం, మొత్తం పని వేడినీళ్లు, పట్టీతోనే అయిపోతుంది. మారకపోతే ఇంకో చోట టర్పెంటైన్ తడిపిన దూదితో రుద్దండి. దూదికి నలుపు, ముదురు గోధుమ రంగు అంటితే తారు జిగురు. పాత కట్టడంలో ఇది కనిపిస్తే పైన చెప్పిన ఆస్బెస్టాస్ జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి, గోకుడు ఆపేయాలి. తారు కాకుండా సాగుతూ, బంకలా లేస్తే అది చెక్క పనివాళ్లు వాడే తరహా రబ్బరు జిగురు. మన వైపు చిన్న పనుల్లో ఎక్కువగా దొరికేది ఇదే. రెండింటికీ లొంగకుండా గాజులా గట్టిగా ఉంటే ఎపాక్సీ లేదా పాలీయూరిథేన్. ఫ్యాక్టరీ గదుల్లో ఇది ఉంటుంది, దానికి యంత్రమే దారి.

రబ్బరు జిగురుకు వేడి బాగా పనిచేస్తుంది. హీట్ గన్‌ను కదుపుతూ షీటును మెత్తబరిస్తే పట్టీ కిందికి దూరుతుంది. కానీ హీట్ గన్ గాలి ఐదారు వందల డిగ్రీల దాకా పోగలదు, పీవీసీ రెండు వందల డిగ్రీలు దాటితే హైడ్రోజన్ క్లోరైడ్ ఆవిరి వదులుతుంది. కళ్లు మండి, గొంతు పట్టేసిందంటే వేడి ఎక్కువైందని అర్థం. షీటు వంగేంత వేడి చాలు, రంగు మారేంత వద్దు. గ్యాసు టార్చి మంట మాత్రం ఎక్కడా వద్దు.

ద్రావకాల మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. థిన్నర్ పోస్తే రబ్బరు జిగురు కరుగుతుంది, అది నిజం. కరిగినది ఎక్కడికి పోతుంది? సగం గుడ్డకు వస్తుంది, మిగతాది గచ్చు రంధ్రాల్లోకి దిగుతుంది. తర్వాత వేసే టైల్ జిగురు అక్కడ పట్టదు, ఆరు నెలలకు టైల్ కింద బోలు శబ్దం మొదలవుతుంది. దానికన్నా పెద్ద ప్రమాదం నిప్పు. థిన్నర్లలో వాడే టొలూయిన్ నాలుగైదు డిగ్రీల దగ్గరే అంటుకునే ఆవిరి ఇస్తుంది. మెదక్ ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటిన గదిలో అది ఎంత లేస్తుందో ఊహించండి. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పరుచుకుని పక్క గదిలో గ్యాసు పొయ్యి దాకా పాకుతుంది. మోకాళ్ల మీద కూర్చుని గోకేవాడి ముక్కు కూడా ఆ ఎత్తులోనే ఉంటుంది. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న పెయింట్ రిమూవర్లను అమెరికా 2019లో ఇళ్లవాళ్లకు అమ్మకుండా ఆపింది, మూసిన గదుల్లో వాటితో పనిచేసి మనుషులు చనిపోయాకే. నారింజ తొక్కల నూనె, సోయా నూనె ఆధారంగా చేసిన రిమూవర్లు ఇంత ప్రమాదకరం కావు గానీ, అవి వదిలే నూనె జిడ్డు కూడా తర్వాతి జిగురుకు శత్రువే. చిన్న మరకకు సరే, గది మొత్తానికి ద్రావకం వద్దు.

మిగిలింది గ్రైండింగ్. చేత్తో పట్టుకునే గ్రైండర్‌కు డైమండ్ కప్పు తగిలించి పొడిగా తిప్పితే రబ్బరు జిగురు వేడికి కరిగి డిస్కుకే పూసుకుంటుంది, దాన్ని వదిలించడానికి ఇంకా గట్టిగా నొక్కుతారు, గచ్చు గుంటలు పడుతుంది. గది తెల్లటి పొగలో మునుగుతుంది. ఆ పొగలో ఉన్నది ఇసుకలోని స్ఫటిక సిలికా. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం దీన్ని 1997లోనే కేన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. అమెరికాలో ఎనిమిది గంటల పనికి ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాములు మించకూడదని 2016లో నిబంధన చేశారు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలు సిలికోసిస్, ఆస్బెస్టోసిస్ రెండింటినీ అధికారులకు తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో చేర్చింది. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు ఈ సన్నటి దుమ్మును ఆపదు. కనీసం ఎన్95 మాస్కు, అదీ ముఖానికి ఖాళీ లేకుండా బిగిసేది కావాలి.

దీనికి మన దగ్గరే ఒక మంచి జవాబు ఉంది. విదేశీ మార్గదర్శకాల్లో అది అంతగా కనబడదు. అదే మొజాయిక్, గ్రానైట్ పాలిష్ పట్టే నీళ్ల మిషను. తూప్రాన్, మేడ్చల్ లాంటి ఊళ్లలో ఈ పని తెలిసినవాళ్లు దొరుకుతారు. మిషనుకు బిగించిన రాయి నేలను అరగదీస్తుంటే నీళ్లు ధారగా పడుతూ ఉంటాయి, దుమ్ము గాలిలోకి లేవకుండా బురదగా మిగులుతుంది. ముందు పట్టీతో జిగురు మందం మొత్తం తీసేసి, మిగిలిన పల్చటి పొరకే ఈ మిషను వాడాలి. మందం జిగురు మీద పెడితే రాళ్లు పూడుకుపోతాయి. మొదట గరుకు రాయి, తర్వాత కాస్త సన్నటిది. కొత్తగా టైల్స్ వేస్తారంటే సన్నటి రాయి అవసరమే లేదు, గరుకుదనమే పట్టు ఇస్తుంది. తడి నేల మీద కరెంటు మిషను కాబట్టి కరెంటు లీకైతే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న లైను నుంచే కరెంటు తీసుకోవాలి, వైరు అతుకులు నీళ్లలో ఉండకూడదు. బురదను డ్రైనేజీలోకి తోయకూడదు, లోపల సిమెంటులా గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది. పారతో బకెట్లకు ఎత్తి ఆరబెట్టి పారేయాలి. ఆస్బెస్టాస్ అనుమానమున్న నల్ల జిగురు మీద మాత్రం ఈ మిషను కూడా వద్దు.

షీటు పోయాక గది తొందరగా పూర్తి చేయాలన్న ఆరాటంలో మరిచేది చెమ్మ. వినైల్ గాలి ఆడనివ్వని మూత. కింది నుంచి వచ్చే నెమ్ము దాని కింద ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. కాంక్రీటులోని క్షారం ఆ నెమ్ములో కరిగి జిగురునూ, వినైల్‌ను మెత్తగా ఉంచే థాలేట్ నూనెలనూ విరగ్గొడుతుంది. పాత వినైల్ గదుల్లో వచ్చే ఘాటు వాసనకు ఒక కారణం అలా పుట్టే ఇథైల్‌హెక్సనాల్. షీటు తీసినా కొన్నాళ్లు గచ్చులోంచి ఆ వాసన వస్తూనే ఉంటుంది, కిటికీలు తెరిచి ఉంచడమే మందు. నేల కింద ప్లాస్టిక్ షీటు వేయకుండా పోసిన గచ్చులో ఈ నెమ్ము ఆగదు. పరీక్ష సులువు: అడుగున్నర చదరం దళసరి పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి పదహారు గంటలు వదిలేయాలి. కింద నీటి బిందువులు కనిపించినా, గచ్చు రంగు ముదిరినా నేల ఇంకా తయారు కాలేదు. నీళ్ల మిషను వాడిన గదికి ఇది మరీ ముఖ్యం, వానాకాలంలో అయితే వారాలు ఆగాల్సి రావచ్చు. చెమ్మ ఆగని నేల మీద మళ్లీ వినైల్ అతికించడం డబ్బు పారేయడమే. అక్కడ తాండూరు బండ గానీ టైల్ గానీ వేయడం మేలని నా సలహా.

తీసిన షీటును ఊరి చివర కుప్ప పోసి తగలబెట్టడం చాలా చోట్ల జరిగే పని. పీవీసీ పొగలో హైడ్రోజన్ క్లోరైడ్‌తో పాటు డయాక్సిన్లు ఉంటాయి. 2016 నాటి నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిబంధనలు కాంక్రీటు, మట్టి, ఇనుము కలప ప్లాస్టిక్, ఇటుక మాలు అని వేర్వేరుగా విడదీయమన్నాయి. 2025లో కొత్త నిబంధనలు వచ్చాయి. ఇంటి గది పనికి ఇవన్నీ పెద్ద మాటలుగా అనిపించొచ్చు గానీ, రెండు సంచులు వేరుగా పెట్టడం ఎవరికైనా సాధ్యమే. ఫ్యాక్టరీల విషయంలో నేను ఇంకొంచెం గట్టిగా అడుగుతాను. నేల మార్చే కాంట్రాక్టు కాగితంలో షీటు వయసు, జిగురు రకం, పాత కట్టడమైతే ఆస్బెస్టాస్ పరీక్ష ఫలితం, తడి పద్ధతి, మాస్కుల ఖర్చు, వ్యర్థం ఎక్కడికి పోతుందన్నది విడివిడిగా రాయాలి. ఇప్పుడు ఇవన్నీ చదరపు అడుగు రేటులో కలిసిపోతున్నాయి, రేటు తగ్గించమంటే మొదట ఎగిరిపోయేవి మాస్కు, నీళ్లు.